మడుగులోనా... ఒడ్డునా?

అదే గోదావరి. అదే వల. నిన్న గంపెడు చేపలు పడిన చోట ఇవాళ ఒక్క పరక కూడా పడదు. చేప ఎటు పోయినట్టు? లోతుకు దిగిందా, ఒడ్డుకు చేరిందా? లక్సెట్టిపేట తీరంలో వల పట్టినవాళ్ళ బతుకంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. సమాధానం తెలిస్తే చేప దొరుకుతుంది. దాన్ని ఎప్పుడు వదిలేయాలో తెలిస్తే వచ్చే ఏడు కూడా దొరుకుతుంది!

మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో ఏ ఇంట చూసినా చేపల పులుసు వాసనే. ఆ రోజు చేప తింటే ఒంటికి మంచిదని పెద్దల మాట. హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని సోదరుల కుటుంబం చేప ప్రసాదం ఇచ్చేదీ ఆ వేళకే. లక్సెట్టిపేట, మంచిర్యాల, ధర్మపురి అంగళ్ళలో బొచ్చెలు, రవ్వలు, వాలుగలు, కొర్రమీనులు రాశులు పోసి ఉంటాయి. బేరమాడి, పొలుసు తీయించి, సంచిలో వేసుకుని ఇంటికి వస్తాం. ఆ చేపను నదిలో ఎక్కడ పట్టారన్న ఆలోచన మాత్రం మనకు రాదు.

పట్టేవాళ్ళకు అసలు సంగతంతా అక్కడే ఉంది. గోదావరి 1465 కిలోమీటర్ల పొడవున్న నది. లక్సెట్టిపేట దగ్గర ఈ ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు సన్నని గీతలా కనిపిస్తుంది. అంత నీటిలో చేప అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. ఎక్కువ భాగం ఖాళీగా ఉంటుంది. కొన్ని చోట్లే గుంపు కడుతుంది. ఆ చోట్లు కాలాన్ని బట్టి, పూటను బట్టి, నీటి వాలును బట్టి మారిపోతుంటాయి. నదిని ‘గంగ’ అని పిలుచుకునే ఇక్కడి గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా చదువుకుంటూ వస్తున్న పాఠం ఇదే. ఇందుకు పుస్తకం లేదు. నీటి రంగు, అల, సుడి... ఇవే అక్షరాలు.

ఒకే నది... మూడంతస్తులు

మనం మామూలుగా తినే చేపల నోళ్ళను ఒకసారి గమనించండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవులను మింగుతుంది కాబట్టి దానికి అలాంటి నోరే కావాలి. రవ్వ... అదే రోహు... మధ్యపొరలో తిరుగుతుంది. పెదవులకు కుచ్చుల్లాంటి అంచు ఉంటుంది. దాంతో నాచునూ, కుళ్ళిన ఆకునూ గీకి తింటుంది. మ్రిగాల నోరు కాస్త కిందికి ఉంటుంది. అడుగున ఉన్న బురదే దాని వంటిల్లు. చెరువుల్లో ఈ మూడు రకాలనూ కలిపి పెంచడం వెనక ఉన్న కిటుకు కూడా ఇదే. ఒకదాని కంచంలో ఇంకొకటి చేయి పెట్టదు!

కాబట్టి ‘లోతులో చేప ఉందా?’ అని అడిగితే, ‘ఏ చేప?’ అన్న ఎదురు ప్రశ్న తప్పదు. ఇరవై అడుగుల మడుగులో కూడా బొచ్చె పైనే తిరుగుతుండవచ్చు. అడుగుకు దించిన గాలం దాని కంట పడదు. అదే వాలుగ కోసమైతే పైపైన ఎర వేసుకుని కూర్చోవడం దండగ. పొలుసులు లేని ఒళ్ళు, పొడవాటి మీసాలు, చెవులదాకా చీలినట్టున్న నోరు దానివి. పగలంతా మడుగు అడుగున, రాతి సందుల్లో, ఒడ్డు కోసుకుపోయి ఏర్పడిన గూళ్ళలో దాక్కుంటుంది. చీకటి పడ్డాక వేటకు బయల్దేరుతుంది. మీటరుకు మించి పెరిగే ఈ చేప కనిపించిన చిన్న చేపనల్లా మింగేస్తుంది. ఇంతటి వేటగాడు కూడా ఇప్పుడు తరిగిపోతున్నాడు. ప్రపంచవ్యాప్తంగా ముప్పు ముంగిట ఉన్న జాతుల పట్టికలో వాలుగను చేర్చారు.

మడుగు... ఎండాకాలపు ఇల్లు

నది తిన్నగా పారదు. మలుపు తిరుగుతుంది. తిరిగేటప్పుడు నీటి ఉరవడి బయటి ఒడ్డును కొడుతుంది. ఏళ్ళ తరబడి అలా కొట్టీ కొట్టీ అక్కడ లోతుగా తవ్వేస్తుంది. అదే మడుగు. లోపలి ఒడ్డున నీరు మెల్లగా కదులుతుంది కాబట్టి ఇసుక మేట వేస్తుంది. అందుకే ఏ మలుపు దగ్గర చూసినా ఒక పక్క ఇసుక దిబ్బ, ఎదురుగా మడుగు ఉంటాయి. పరుపు బండలు అడ్డుపడిన చోట, వంతెన స్తంభాల మొదళ్ళలో కూడా ఇలాగే గుంతలు పడతాయి. ధర్మపురి నుంచి లక్సెట్టిపేట వైపు రాయపట్నం వంతెన మీదుగా వచ్చేటప్పుడు కిందికి చూడండి. స్తంభాల చుట్టూ సుడులు తిరిగే నీరే ఆ సంగతి చెబుతుంది.

ఉత్తర తెలంగాణలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పల్చటి నీరు మధ్యాహ్నానికి సలసలా కాగినట్టవుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు నిలవదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల నీటిలో అది ఏడున్నరకు పడిపోతుంది. మరోపక్క వేడికి చేప ఒంట్లో పని పెరిగి ఎక్కువ గాలి కావాల్సి వస్తుంది. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారం లాంటిదన్నమాట! అప్పుడు చేపకు చల్లటి మడుగే దిక్కు.

పైన పోచంపాడు దగ్గర శ్రీరామసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ ప్రాజెక్టు వచ్చాక ఎండాకాలంలో దిగువకు వచ్చే నీరు తగ్గింది. ఏప్రిల్, మే నెలల్లో నది తెగిపోయి, ఇసుకలో అక్కడక్కడా పూసల్లా మడుగులే మిగిలేవి. చేపల జాతి మొత్తం ఆ కొద్ది మడుగుల్లోనే తలదాచుకునేది. వానలు పడి నది మళ్ళీ కలిస్తే అక్కడినుంచే అంతటా పరుచుకునేది. ఇలా చూస్తే మడుగంటే చేపల విత్తనాల గాదె.

మడుగు విలువ మొసళ్ళకూ తెలుసు. లక్సెట్టిపేటకు దిగువన, జైపూర్ మండలం శివ్వారం దగ్గర ఎల్ మడుగు ఉంది. నది ఎండినా అక్కడ నీరుంటుంది. అందుకే అది మొసళ్ళ ఆవాసమైంది. ఆ ప్రాంతాన్ని ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. మొసలి ఉందంటే చేప ఉన్నట్టే కదా!

పల్చటి నీళ్ళలో పందిరి విందు

మడుగు ఇల్లయితే, ఒడ్డు వంటశాల. సూర్యరశ్మి అడుగుదాకా తగిలే చోటే నాచు పెరుగుతుంది. నాచును ఆశించి పురుగులు, పురుగుల కోసం పరకలు, చందమామల్లాంటి చిన్న చేపలు వస్తాయి. వాటి కోసం పెద్దవి వస్తాయి. లోతైన అడుగున వెలుగు ఉండదు కాబట్టి తిండి కూడా తక్కువే. ఎంత చల్లగా ఉన్నా కడుపు నింపుకోవడానికి చేప పైకి రావాల్సిందే.

అయితే పట్టపగలు ఒడ్డుకు వస్తే పైన కొంగ, గద్ద, లకుముకిపిట్ట కాచుకుని ఉంటాయి. అందుకని పెద్ద చేప పొద్దు పొడవక ముందో, పొద్దుగూకే వేళో వస్తుంది. సందె చీకట్లో మోకాలి లోతు నీళ్ళలో ‘టప్’మని చప్పుడైందంటే వేట మొదలైనట్టే. తెల్లవారుజామున వల విసిరేవాళ్ళు ఒడ్డు వెంట నడవడం, పొద్దెక్కాక తెప్ప వేసుకుని లోతుకు పోవడం వెనక ఉన్న లెక్క ఇది.

అన్నిటికన్నా మంచి చోటు ఈ రెండూ కలిసే అంచు. ఇసుక దిబ్బ ఒక్కసారిగా లోతులోకి జారే గట్టు, వాగు వచ్చి నదిలో పడే మొన, పారే నీరూ నిలిచిన నీరూ రాసుకునే గీత... చేప అక్కడ తక్కువ శ్రమతో ఎక్కువ తింటుంది. ఉరవడికి ఎదురుగా రాయి చాటున నిలబడి, కొట్టుకొచ్చే తిండిని నోట పట్టుకుంటుంది. గాలం వేసేవాళ్ళు బెండును ఆ గీత వెంట వదిలేది అందుకే. లక్సెట్టిపేట ప్రాంతానికి ఎదురుగా, అవతలి ఒడ్డున కోటిలింగాల ఉంది. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు అది. 1979 తరువాత జరిగిన తవ్వకాల్లో అక్కడ శాతవాహనుల తొలినాటి పట్టణం, సిముకుని నాణేలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ కిందటి మనుషులు కూడా వాగూ నదీ కలిసే చోటునే ఊరికి ఎంచుకున్నారు. నీరు, దారి, తిండి... మూడూ దొరికే చోటు మరి!

లోతుతో పనిలేని చేప కూడా ఒకటుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను. అది నేరుగా గాలి పీల్చుకోగలదు. అందువల్ల ఆక్సిజన్ కోసం మడుగుకు పరుగెత్తాల్సిన అవసరం లేదు. తుంగ, తామర, నాచు అల్లుకున్న పల్చటి నీటిలోనే కదలకుండా పొంచి ఉంటుంది. కొద్దికొద్దిసేపటికి పైకి వచ్చి గుటకేసి వెళ్తుంది. నీటి మీద ఆ చిన్న బుడగ చూసి దాని జాడ పట్టేస్తారు.

అమెరికాలోనూ ఇదే గొడవ!

మనకు కొర్రమీను ఎలాగో అమెరికా వాళ్ళకు బాస్ చేప అలాగ. పెద్ద నోటి బాస్, చిన్న నోటి బాస్ అని రెండు ముఖ్య రకాలు. నదుల్లో అది లోతున ఉంటుందా, ఒడ్డున ఉంటుందా అని అక్కడి గాలగాళ్ళు గంటల తరబడి వాదించుకుంటారు. చిన్న నోటిది పారే నీటిని, రాళ్ళను ఇష్టపడుతుంది. పెద్ద నోటిది నిలకడ నీటిలో, మొక్కల చాటున కాపు వేస్తుంది. వసంతంలో నీరు కాస్త వెచ్చబడగానే ఒడ్డుకు వచ్చి గూడు చేస్తుంది. మగచేప గుడ్లకు కాపలా కాస్తుంది. మన కొర్రమీను కూడా గూడు కట్టి పిల్లల్ని కాపాడుకునేదే. ఖండాలు వేరైనా కాపురం తీరు ఒకటే!

1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే యువకుడు పది కిలోల పైచిలుకు బాస్‌ను పట్టాడు. నది పాత మలుపు తెగిపోయి మిగిలిన చిన్న మడుగులో దొరికిందది. దాన్ని ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిటా పట్టిన చేప ఆ రికార్డుతో సమానమైంది తప్ప దాన్ని దాటలేదు. మరో సంగతి. అక్కడ సరదాకు గాలం వేయాలన్నా లైసెన్సు ఉండాలి. ఎంత పొడవు చేపను ఉంచుకోవచ్చు, ఏ నెలలో వదిలేయాలి అన్న నిబంధనలు రాష్ట్రానికొక రకం. వారాంతాల్లో పిల్లలతో చెరువు గట్టుకు వెళ్ళే మన తెలుగు కుటుంబాలు కూడా ఆ కాగితం జేబులో పెట్టుకోవాల్సిందే.

వరద రాగానే పెళ్ళి సందడి

ఇక్కడే మన మృగశిర కార్తె దగ్గరికి మళ్ళీ రావాలి. జూన్‌లో తొలకరి పడుతుంది. వాగులు ఎర్రనీళ్ళతో గంగలో కలుస్తాయి. ఆ కొత్తనీటి వాసన తగలగానే బొచ్చె, రవ్వ, మ్రిగాల మడుగులు విడిచి బయటికి వస్తాయి. వరదకు ఎదురీది, నీరు కొత్తగా పరుచుకున్న పల్చటి అంచులకు చేరి అక్కడ గుడ్లు పెడతాయి. కిలో బరువుకు లక్షకు పైగానే గుడ్లుంటాయి. నీరు వెచ్చగా ఉంటే ఒక రోజు గడవకముందే పిల్లలు బయటికొస్తాయి. ముంపు నేలలోని గడ్డి వాటికి ఉయ్యాల, అందులోని సూక్ష్మజీవులు ఉగ్గు.

ఈ చేపలు నిలిచిన చెరువు నీటిలో తమంతట తాము గుడ్లు పెట్టవు. పారే నీరు కావాలి. అందుకే ఒకప్పుడు చేపపిల్లలు కావాలంటే నదినే అడగాల్సి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం హార్మోను సూది మందుతో వాటిచేత గుడ్లు పెట్టించింది. ఆ రోజును జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తెలంగాణలో 2016-17 నుంచి చెరువుల్లో, జలాశయాల్లో ప్రభుత్వం ఉచితంగా వదిలిన చేపపిల్లలకు మూలం కూడా ఆ విద్యే.

తిప్పలంతా ఏమిటంటే, గుడ్లతో నిండిన చేప పల్చటి నీటికి వచ్చినప్పుడు దాన్ని పట్టడం చాలా తేలిక. వలే అక్కర్లేదు. దోమతెరైనా చాలు, కర్రైనా చాలు. మార్కెట్లో గిరాకీ కూడా అప్పుడే. గుడ్లచేప రుచని ఎగబడి కొంటాం. ఒక రెండు కిలోల చేప కూరలోకి వస్తే, దానితోపాటు లక్షల గుడ్లూ వచ్చినట్టే. కొర్రమీను సంగతి ఇంకా జాలి. ఎర్రటి పిల్లలు బంతిలా గుంపు కట్టి నీటి పైన తిరుగుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. ఆ గుంపు గుర్తు చూసి పెద్దచేపను పట్టేస్తే కొన్ని గంటల్లోనే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

పులసకు ఏం జరిగిందో గోదావరి జిల్లాలవాళ్ళను అడగండి. సముద్రం నుంచి ఎదురీదే ఆ చేపకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టే ఎల్లయింది. ఇప్పుడు ఒక్క పులస దొరికితే పత్రికల్లో వార్త! నదిలో చేప రాకపోకలకు అడ్డం పడితే ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఎల్లంపల్లి వచ్చాక...

లక్సెట్టిపేట తీరంలో పాత లెక్కలన్నిటినీ మార్చేసింది శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు. 2004లో శంకుస్థాపన జరిగింది. 62 గేట్లు, 20 టీఎంసీల నిల్వ. హైదరాబాదుకు గోదావరి తాగునీరు వెళ్ళేది ఇక్కడినుంచే. దీని వెనక జలాలు మంచిర్యాల, లక్సెట్టిపేట వైపు ఊళ్ళను, అవతల వెల్గటూరు వైపు ఊళ్ళను తాకాయి. కొన్ని ఊళ్ళు మునిగాయి. ఎండాకాలంలో ఇసుక తేలిన గంగ, నిండు చెరువైంది.

నీరు పెరిగింది కదా, చేప కూడా పెరిగి ఉంటుందనుకుంటాం. అంత సులువైన లెక్క కాదది. పారే నదిలో మడుగు అడుగు నీరు కూడా కదులుతూ ఉంటుంది కాబట్టి గాలి అందుతుంది. జలాశయంలో నీరు నిలిచిపోతుంది. వేసవిలో పైన వేడిపొర, కింద చల్లటి పొర విడివిడిగా ఉండిపోతే అడుగున కుళ్ళే ఆకూ అలమూ ఆక్సిజన్‌ను తినేస్తాయి. అక్కడికి చేప దిగదు. పాత నదిలో ‘ఎండాకాలం మడుగే గతి’ అన్న సూత్రం కొత్త జలాశయంలో కొన్నిసార్లు తలకిందులవుతుంది. చేప నడిలోతున, రెండు పొరల మధ్య ఆగిపోతుంది. పైగా మునిగిన పాత నదిగర్భం ఎటు పోతోందో, పాత వాగు ఎక్కడ మలుపు తిరిగేదో గుర్తున్న పెద్దవాళ్ళకే మంచి చోటు తెలుస్తుంది. పైకి అంతా ఒకే నీరులా కనిపిస్తుంది మరి.

నీటి మట్టం ఎక్కీ దిగీ చేసినా చిక్కే. ఒడ్డు గడ్డిలో గుడ్లు పడిన రెండు రోజులకే మట్టం అడుగు దిగిందంటే గుడ్లు ఎండలో పడతాయి. నిలవ నీటికి అలవాటుపడే జిలేబి చేప మాత్రం ఇలాంటి చోట్ల బాగా పెరుగుతుంది. పారే నీరు కోరే పాత జాతులకు ఆ అదృష్టం లేదు.

ఏ కాలంలో... ఎక్కడ?

* తొలకరి, వరద: నడి ఉరవడిలో చేప నిలవలేదు. వాగు మొనలు, ముంపు అంచులు, రాళ్ళ చాటు నీళ్ళలో ఉంటుంది. ఇది గుడ్ల కాలం. వదిలేయాల్సిన కాలం.
* వరద తీశాక, శరదృతువు: నీరు తేరుకుంటుంది. ఒడ్డుకూ లోతుకూ మధ్య అంచుల్లో మేత వేట జోరు. పట్టేందుకు మంచి కాలం.
* చలికాలం: తెల్లవారుజామున ఒడ్డు చల్లబడుతుంది. చేప లోతున మందకొడిగా ఉంటుంది. ఎండెక్కాక, మధ్యాహ్నం పల్చటి నీటికి వస్తుంది.
* ఎండాకాలం: పగలు మడుగు, తెల్లవారుజామున, సందెవేళ ఒడ్డు. జలాశయంలో అయితే నడిలోతు.

ఈ లెక్క తెలిసి చేసే మోసం కూడా ఉంది. ఎండాకాలం చేపలన్నీ మడుగులో చేరతాయి కదా అని మందుగుండు పేల్చడం, విషం కలపడం. చిన్నా పెద్దా ఒకేసారి తేలిపోతాయి. 1897 నాటి భారత మత్స్య చట్టమే వీటిని నేరమంది. ఆ మడుగులో చచ్చేది ఆ రోజు చేపలే కాదు, ఆ పాయలో రాబోయే చేపలన్నీ.

చేప ఉన్నచోట... జాగ్రత్త!

ఇదంతా వలపట్టేవాళ్ళ గొడవ అనుకోకండి. గూడెం సత్యనారాయణస్వామి దర్శనానికో, ధర్మపురి నరసింహస్వామి దగ్గరికో వెళ్ళి గంగస్నానం చేసే ప్రతి కుటుంబానికీ ఈ పాఠం అవసరం. చేప దాక్కునే చోటూ, మనిషి మునిగే చోటూ ఒకటే. మలుపు బయటి ఒడ్డు, వంతెన స్తంభాల మొదలు, ఇసుక తవ్విన గుంత, ఇసుక దిబ్బ అంచు... మోకాలి లోతు అనుకుని ఇంకొక అడుగు వేస్తే తలమునకలవుతుంది. లేతరంగు నీరు ముదురు ఆకుపచ్చకు మారిందంటే అక్కడ లోతు మొదలైందని గుర్తు. నున్నగా, నిశ్శబ్దంగా ఉన్న నీటిని నమ్మకూడదు. గలగలమనేది పల్చటి నీరే.

వరద సంగతి మరీ చెప్పలేం. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు మూడు లక్షల క్యూసెక్కుల సామర్థ్యానికి మించి ఐదు లక్షలకు పైగా నీరు పోటెత్తింది. ఉన్న 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. ఆ నీరంతా దిగువన గోదావరిలోకే వచ్చింది. అలాంటి వరద పోయాక నది అడుగు మారిపోతుంది. నిరుడు పిల్లలు ఆడుకున్న చోట ఈ ఏడు మడుగు ఉండవచ్చు. కొత్త ఏడాదిలో నదిలో దిగేముందు అక్కడి చేపలవాళ్ళను ఒక్క మాట అడగడం మంచిది. వాళ్ళకు తెలిసినంతగా ఆ అడుగు ఇంకెవరికీ తెలియదు.

ఇక అంగట్లో మన వంతు. వానాకాలం మొదట్లో కడుపు ఉబ్బిన నదిచేప కనిపిస్తే వద్దని, చెరువులో పెంచిన చేపను అడగండి. గుప్పెడంత పిల్లలను రాశి పోసి అమ్ముతుంటే కొనకండి. కొనేవాళ్ళు లేకపోతే పట్టేవాళ్ళు కూడా వదిలేస్తారు. మృగశిర నాడు పులుసు మానక్కర్లేదు. ఆ గిన్నెలో పడేది వచ్చే ఏటి చేప కాకుండా చూసుకుంటే చాలు. ఆ రెండు నెలలు గంగను దాని మానాన వదిలేస్తే, వరద తీశాక మడుగులోనూ ఉంటుంది, ఒడ్డునా ఉంటుంది.